మెనింజియోమా: గ్రేడ్ అంకె ఏం చెబుతుంది, ఏం చెప్పదు

మెదడు పొరల్లో పెరిగిన కణితిని శస్త్రచికిత్స చేసి తీసిన కొన్ని రోజులకు పాథాలజీ రిపోర్టు చేతికి వస్తుంది. అందులో చివరన ఒక వాక్యం ఉంటుంది: “ట్రాన్సిషనల్ మెనింజియోమా, సీఎన్‌ఎస్ డబ్ల్యూహెచ్‌ఓ గ్రేడ్ 1.” అంటే మెదడు, వెన్నుపాము కణితులకు ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌ఓ) నిర్దేశించిన గ్రేడుల్లో మొదటిది. ఇంటిల్లిపాదీ ఎదురుచూసేది ఆ అంకె కోసమే. ఒకటి అని ఉంటే ఊపిరి పీల్చుకుంటారు, రెండు అని ఉంటే కంగారు పడతారు, మూడు అని ఉంటే కుంగిపోతారు. ఆ అంకెకు బరువు ఉన్న మాట నిజమే. అయితే దేనిని చూసి ఆ అంకె వేశారో తెలియకుండా చదివితే అనవసరమైన భయమో, అనవసరమైన ధీమానో మిగులుతుంది. కణితి ఎంత పెద్దదో, ఎక్కడుందో, ఎంత దూరం పాకిందో గ్రేడ్ చెప్పదు. కణాల తీరును బట్టి, తీసేసిన తర్వాత ఈ కణితి మళ్లీ తలెత్తే అవకాశం ఎంత ఉందో వేసే అంచనా అది. మిగిలిన కొన్ని క్యాన్సర్ల విషయంలో వినే “స్టేజి” అనే మాటకూ దీనికీ సంబంధం లేదు. మెనింజియోమాకు స్టేజులు లేవు.

మెనింజియోమాను మెదడు కణితి అని పిలవడం వాడుకలో స్థిరపడింది గానీ, అది పుట్టేది మెదడు కణజాలంలో కాదు. మెదడును, వెన్నుపామును మూడు పొరలు చుట్టి ఉంటాయి: పుర్రె ఎముకకు లోపలి వైపున ఆనుకుని ఉండే మందపాటి డ్యూరా, దాని కింద సాలెగూడు అల్లికలా పలుచగా ఉండే అరాక్నాయిడ్, మెదడు ముడతల్లోకి దిగి దాన్ని అంటిపెట్టుకుని ఉండే పియా. మధ్యనున్న అరాక్నాయిడ్ పొర మీద టోపీలా కప్పి ఉండే క్యాప్ కణాల నుంచి మెనింజియోమాలు పుడతాయని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. అందుకే అవి చాలావరకు డ్యూరాకు అతుక్కుని, మెదడులోకి చొరబడకుండా దాన్ని పక్కకు నెడుతూ నెమ్మదిగా పెరుగుతాయి. పెద్దవారిలో పుర్రె లోపల పుట్టే కణితుల్లో వీటిదే మొదటి స్థానం. పదింటిలో దాదాపు నాలుగు ఇవే. పురుషులలో కన్నా స్త్రీలలో రెండింతలకు పైగా కనిపిస్తాయి, వయసు పెరిగే కొద్దీ ఎక్కువవుతాయి. చిన్నతనంలో తలకు రేడియేషన్ తగిలినవారికి, న్యూరోఫైబ్రోమటోసిస్ రెండో రకం అనే వంశపారంపర్య వ్యాధి ఉన్నవారికి ముప్పు అధికం.

ఈ కణితికి ఒక్క పేరు స్థిరపడటానికే చాలా కాలం పట్టింది. 1774లో ఫ్రెంచి వైద్యుడు ఆంత్వాన్ లూయీ వీటిని డ్యూరా మీద పుట్టగొడుగుల్లా మొలిచే గడ్డలుగా వర్ణించాడు. ఇసుక రేణువుల్లాంటి సున్నపు ఉండలు కనిపించిన కణితులను రుడాల్ఫ్ విర్కో సామోమా అన్నాడు. గ్రీకులో ఆ మాటకు మూలం ఇసుకే. ఇలా ఒక్కొక్కరు ఒక్కో పేరు పెడుతూ పోతుండగా, 1922లో అమెరికన్ న్యూరోసర్జన్ హార్వీ కుషింగ్ కణం పేరు మీద వాదులాట మానేసి, పొరల నుంచి పుట్టినది అనే అర్థం మాత్రమే వచ్చేలా మెనింజియోమా అనే పేరు ప్రతిపాదించాడు. కుషింగ్ ప్రసిద్ధ రోగుల్లో ఒకరైన అమెరికా సైనికాధికారి లెనార్డ్ వుడ్ కథ గ్రేడ్ గురించిన చర్చకు ఇప్పటికీ పనికొస్తుంది. 1910లో కుషింగ్ ఆయన తలలోని కణితిని తీశాడు. వుడ్ తిరిగి విధుల్లో చేరి, ఆ తర్వాత ఫిలిప్పీన్స్ గవర్నర్ జనరల్‌గా కూడా పనిచేశాడు. కణితి మళ్లీ పెరిగింది. 1927లో రెండోసారి కుషింగ్ చేతనే ఆపరేషన్ చేయించుకుని, ఆ వెంటనే మరణించాడు. కుషింగ్ చేసిన మొదటి ఆపరేషన్‌కూ ఆఖరి దానికీ మధ్య పదిహేడేళ్లు. మెనింజియోమా విషయంలో కాలాన్ని లెక్కపెట్టవలసిన తీరు ఇది: నెలల్లో కాదు, ఏళ్లలో, ఒక్కోసారి దశాబ్దాల్లో.

ఒకే కణితికి నాలుగు వర్ణనలు

గందరగోళానికి అసలు కారణం ఏమిటంటే, ఒకే మెనింజియోమాను వైద్యులు నాలుగు వేర్వేరు కోణాల నుంచి వర్గీకరిస్తారు. స్థానాన్ని బట్టి పిలిచేది ఒకటి: మెదడు పై వంపు మీద ఉంటే కన్వెక్సిటీ, రెండు అర్ధభాగాల మధ్య తెర మీద ఉంటే ఫాల్క్స్, కంటి వెనుక ఎముక అంచున ఉంటే స్ఫీనాయిడ్ వింగ్, ముక్కు పైభాగాన వాసన నరాల దగ్గర ఉంటే ఆల్ఫాక్టరీ గ్రూవ్. సూక్ష్మదర్శినిలో కనిపించే కణాల అల్లికను బట్టి ఉపరకం చెప్పడం రెండోది. గ్రేడ్ మూడోది. శస్త్రచికిత్సలో ఎంత మేరకు తీయగలిగారో చెప్పేది నాలుగోది, దీనికీ గ్రేడ్ అనే పేరే ఉండటం దురదృష్టం.

1957లో డొనాల్డ్ సింప్సన్ రూపొందించిన ఆ పట్టికలో ఐదు మెట్లున్నాయి. కణితితో పాటు అది అతుక్కున్న డ్యూరాను, దెబ్బతిన్న ఎముకను కూడా తీసేస్తే సింప్సన్ గ్రేడ్ 1. కణితి మొత్తం తీసి, అతుక్కున్న చోట డ్యూరాను కాల్చి వదిలితే 2. డ్యూరాను ఏమీ చేయకుండా కణితిని మాత్రం తీస్తే 3. కొంత మిగిలిపోతే 4. ఒత్తిడి తగ్గించడంతోనో, ముక్క తీసి పరీక్షించడంతోనో సరిపెడితే 5. సింప్సన్ లెక్కల్లో కణితి తిరిగి వచ్చినవారు మొదటి మెట్టులో నూటికి 9 మంది, రెండో దానిలో 19, మూడో దానిలో 29. నాలుగో మెట్టులో ఇంకా ఎక్కువ. కాబట్టి ఒకే వ్యక్తి కాగితాల్లో ఆపరేషన్ నోట్‌లో “గ్రేడ్ 1” అనీ, పాథాలజీ రిపోర్టులో “గ్రేడ్ 2” అనీ ఉండవచ్చు, రెండూ సరైనవే కావచ్చు. మొదటిది సర్జన్ చేతికి సంబంధించినది, రెండోది కణితి స్వభావానికి సంబంధించినది.

స్థానం విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. గ్రేడ్ 1ను “హానిలేనిది” అని తెలుగులోకి తేవడం తప్పుదారి పట్టిస్తుంది. పుర్రె అడుగున, చూపు నరాలనూ ప్రధాన రక్తనాళాలనూ చుట్టుకుని పెరిగిన గ్రేడ్ 1 కణితిని పూర్తిగా తీయడం సాధ్యం కాకపోవచ్చు. అది చూపును దెబ్బతీయవచ్చు, మిగిలిపోయిన ముక్క మళ్లీ పెరగవచ్చు. పై వంపు మీద, సులువుగా అందే చోట ఉండి పూర్తిగా తీసేసిన గ్రేడ్ 2 కణితి తిరిగి రాకనే పోవచ్చు. గ్రేడ్ ఒక్కదాన్నే పట్టుకుని ఇద్దరు రోగులను పోల్చకూడదనడానికి ఇంతకన్నా వేరే కారణం అక్కర్లేదు.

పదిహేను ఉపరకాలు

మెదడు, వెన్నుపాము కణితుల వర్గీకరణను ప్రపంచ ఆరోగ్య సంస్థ 1979లో మొదటిసారి వెలువరించింది. తర్వాత 1993, 2000, 2007, 2016 సంవత్సరాల్లో దాన్ని సవరించారు. ఇప్పుడు అమలులో ఉన్నది 2021 నాటి ఐదో సంచిక. దాని ప్రకారం మెనింజియోమా ఒకే వ్యాధి, అందులో ఉపరకాలు పదిహేను. ఎక్కువగా కనిపించేవి మూడు: కణాలు గుంపులుగా ఒదిగి ఉండే మెనింగోథీలియల్, దారపు పోగుల్లా సాగి ఉండే ఫైబ్రస్, రెండు లక్షణాలూ కలిసిన ట్రాన్సిషనల్. సున్నపు ఉండలు దండిగా ఉన్నది సామోమాటస్; ఇది వయసు మళ్లిన స్త్రీలలో వెన్నెముక మధ్యభాగంలో తరచు కనిపిస్తుంది. సెక్రెటరీ రకం చిన్నదిగా ఉన్నా చుట్టూ మెదడులో వాపు బాగా ఎక్కువగా ఉండటం దాని ప్రత్యేకత. యాంజియోమాటస్, మైక్రోసిస్టిక్, మెటాప్లాస్టిక్, లింఫోప్లాస్మసైట్లు అధికంగా ఉండేది వంటివి అరుదైనవి.

ఇవన్నీ చూడటానికి వేరుగా ఉన్నా వాటి నడవడిలో పెద్ద తేడా లేదు. అందువల్ల ఉపరకం పేరు చూసి భయపడనక్కర్లేదు. ఈ సూత్రానికి మినహాయింపులు రెండు: జిగురు పదార్థంలో కణాలు వరుసలుగా తేలుతున్నట్టుండే కార్డాయిడ్, కణాల్లో గ్లైకోజెన్ నిండి పారదర్శకంగా కనిపించే క్లియర్ సెల్. ఈ రెండూ తిరిగి వచ్చే స్వభావం గలవని అనుభవంలో తేలినందున, మరే లక్షణమూ లేకపోయినా నేరుగా రెండో గ్రేడ్‌లో చేరుస్తారు.

ఒకటికీ రెండుకూ మధ్య గీత

మెనింజియోమాల్లో పదింట ఎనిమిది మొదటి గ్రేడ్‌వే. మిగిలిన వాటిలో అధిక భాగం రెండోది, మూడోది నూటికి ఒకటి నుంచి మూడు. ఈ కణితికి నాలుగో గ్రేడ్ లేదు. నిజమైన చిక్కంతా ఒకటికీ రెండుకూ మధ్య గీసిన గీత దగ్గరే ఉంది, ఎందుకంటే శస్త్రచికిత్స తర్వాత రేడియేషన్ గురించి ఆలోచించాలా, స్కాన్లు ఎంత తరచుగా తీయాలి అనే నిర్ణయాలు చాలావరకు ఆ గీత మీదే ఆధారపడతాయి.

ఆ గీత దాటడానికి మూడు దారులున్నాయి. మొదటిది కణవిభజనల లెక్క. పాథాలజిస్టు స్లైడులో విభజన జరుగుతూ ఉన్న కణాలు దట్టంగా ఉన్న చోటును వెతికి, అక్కడ పక్కపక్కనే ఉన్న పది హై పవర్ ఫీల్డుల్లో వాటిని ఒక్కొక్కటిగా లెక్కపెడతారు. నాలుగు నుంచి పంతొమ్మిది దాకా ఉంటే గ్రేడ్ 2. అయితే ఒక ఫీల్డు అంటే మైక్రోస్కోపులో ఒకసారి కనిపించే వృత్తం. అది పరికరాన్ని బట్టి పెద్దదీ చిన్నదీ అవుతుంది, దానితో లెక్క కూడా మారిపోతుంది. అందుకని ఒక్కో ఫీల్డు విస్తీర్ణం 0.16 చదరపు మిల్లీమీటర్లుగా తీసుకోవాలని నిర్దేశించి, చదరపు మిల్లీమీటరుకు 2.5 విభజనలు అనే కొలతను కూడా పక్కన ఇచ్చారు. అప్పటికీ ముడుచుకుపోయి చనిపోతున్న కేంద్రకాన్ని విభజన అనుకునే ప్రమాదం ఉంటుంది, దట్టమైన చోటు దొరకకపోవచ్చు, దాన్నుంచి తీసిన ముక్క స్లైడు దాకా రాకపోవచ్చు. మూడుకూ నాలుగుకూ మధ్య ఉన్న తేడా ఒక్క కణం. ఇద్దరు అనుభవజ్ఞులు ఒకే స్లైడు చూసి ఒక్కోసారి వేర్వేరు గ్రేడులు ఇవ్వడానికి కారణం ఇది. అందులో ఎవరి అశ్రద్ధా ఉండనక్కర్లేదు.

రెండో దారి మెదడులోకి చొరబాటు. మామూలుగా కణితికీ మెదడుకూ మధ్య పియా పొర సరిహద్దుగా నిలుస్తుంది. కణితి ఆ పొరను ఛేదించి నాలుకలు చాచినట్టు మెదడులోకి దిగితే, మిగిలిన కణాలన్నీ ఎంత నెమ్మదిగా ఉన్నా అది గ్రేడ్ 2. 2016 సంచికలో దీన్ని దానంతట అదే చాలిన ప్రమాణంగా చేర్చారు. డ్యూరాలోకి, ఎముకలోకి, కండరంలోకి చొచ్చుకుపోవడం దీని కిందికి రాదు. రక్తనాళాల చుట్టూ సహజంగా ఉండే సందుల్లో కణితి పాకడం కూడా లెక్కలోకి రాదు. మరో సంగతి ఉంది: చొరబాటును చూడాలంటే కణితితో పాటు దానికి ఆనుకున్న మెదడు కణజాలం కొంచెమైనా స్లైడులో ఉండాలి. సర్జన్ మెదడుకు హాని కలగకుండా జాగ్రత్తగా కణితిని విడదీస్తే ఆ కణజాలం అసలు రాదు. అప్పుడు రిపోర్టులో చొరబాటు కనిపించలేదని రాస్తే, చొరబాటు లేదని కాక, చూడటానికి అవకాశం దొరకలేదని అర్థం కావచ్చు. ఆ భాగాన్ని గుర్తుపెట్టి విడిగా పంపమని పాథాలజిస్టులు కోరేది ఇందుకే.

మూడో దారిలో ఐదు చిన్న లక్షణాలున్నాయి: కణాలు కిక్కిరిసి ఉండటం, కేంద్రకం పెద్దదై చుట్టూ పదార్థం తక్కువగా ఉన్న చిన్న కణాల గుంపులు, కేంద్రకంలో స్ఫుటంగా కనిపించే న్యూక్లియోలస్, సహజమైన అల్లిక చెదిరి కణాలు పరుపులా పరచుకోవడం, తమంతట తామే చచ్చిపోయిన కణాల మచ్చలు. ఇందులో కనీసం మూడు ఉంటే గ్రేడ్ 2. “తమంతట తామే” అన్నది ఊరికే చేర్చిన మాట కాదు. రక్తస్రావం తగ్గించడానికి కొన్నిసార్లు ఆపరేషన్‌కు ముందే సన్నని గొట్టం ద్వారా కణితికి రక్తం తెచ్చే నాళాలను మూసేస్తారు. అప్పుడు కణితిలో కొంత భాగం చచ్చిపోతుంది, ఆ మచ్చ వైద్యులు కలిగించినది. ఆ విషయం పాథాలజిస్టుకు తెలియజేయకపోతే మొదటి గ్రేడ్ కణితి రెండో గ్రేడ్‌గా నమోదయ్యే అవకాశం ఉంది.

చాలామంది రిపోర్టులో కనిపించే కేఐ-67 శాతాన్ని చూసి ఆందోళన పడతారు. కణాలు ఎంత చురుగ్గా విభజన చెందుతున్నాయో అది సూచిస్తుంది, ఎక్కువగా ఉంటే జాగ్రత్త పెంచుతారు. కానీ దాన్ని కొలిచే తీరు ప్రయోగశాలను బట్టి మారుతుంది కనుక గ్రేడ్ నిర్ణయించే ప్రమాణాల్లో అది లేదు. ఎమ్మారైలో డ్యూరా వెంట తోకలా మెరిసే గీత, ఒకే తీరుగా వెలిగే ముద్ద చూసి మెనింజియోమా అని చాలావరకు చెప్పగలరు గానీ, గ్రేడ్‌ను మాత్రం స్కాన్ చూసి ఖాయపరచలేరు.

మూడో గ్రేడ్

పది ఫీల్డుల్లో ఇరవై లేదా అంతకు మించి విభజనలు ఉంటే, లేదా కణాలు తమ మూలాన్ని గుర్తుపట్టలేనంతగా మారి కార్సినోమా, సార్కోమా, మెలనోమా వంటి వేరే క్యాన్సర్లలా కనిపిస్తే అది గ్రేడ్ 3. వీటిలోనే, అదీ అరుదుగా, ఊపిరితిత్తులు, కాలేయం, ఎముకల వంటి దూరపు అవయవాలకు పాకడం ఎక్కువగా చూస్తాం. 2016 దాకా పాపిల్లరీ, రాబ్డాయిడ్ అనే రెండు ఉపరకాలను చూడగానే గ్రేడ్ 3 అనేవారు. 2021లో ఆ నియమం తీసేశారు. రాబ్డాయిడ్ కణాలు కనిపించినా ఇతర ప్రమాదకర లక్షణాలు లేని కణితులు మామూలు వాటిలాగే నడుచుకోవడం గమనించిన తర్వాత, ఆకారాన్ని మాత్రమే చూసి అంత పెద్ద ముద్ర వేయడం న్యాయం కాదని నిపుణులు తేల్చారు. ఈ మార్పు సరైనదని నా అభిప్రాయం. పేరును బట్టి శిక్ష వేసినట్టుండేది పాత పద్ధతి.

కణితి తిరిగి వచ్చే అవకాశం మొదటి గ్రేడ్‌లో నూటికి 7 నుంచి 25, రెండో గ్రేడ్‌లో 29 నుంచి 52, మూడో గ్రేడ్‌లో 50 నుంచి 94 అని వివిధ అధ్యయనాలను కలిపి చూస్తూ చెబుతారు. ఒక్కో గ్రేడ్ లోపల ఎంత ఎడం ఉందో గమనించండి. మొదటి గ్రేడ్‌లోని పై అంచు, రెండో గ్రేడ్‌లోని కింది అంచు దాదాపు కలుస్తున్నాయి. ఆ ఎడంలో కొంత సింప్సన్ మెట్టు వల్ల వచ్చింది. మిగిలినదానికి కారణం కణాల ఆకారంలో కనపడని చోట ఉంది.

జన్యువులు కలిసిన తర్వాత

సగానికి పైగా మెనింజియోమాల్లో 22వ క్రోమోజోమ్ మీద ఉండే ఎన్‌ఎఫ్2 జన్యువు దెబ్బతిని ఉంటుంది; ఫైబ్రస్, ట్రాన్సిషనల్ రకాల్లోనూ, మెదడు పై వంపు మీద పుట్టేవాటిలోనూ ఇది ఎక్కువ. పుర్రె అడుగున పుట్టే మెనింగోథీలియల్ కణితుల్లో ఏకేటీ1, ఎస్‌ఎమ్ఓ, టీఆర్‌ఏఎఫ్7 వంటి వేరే జన్యువుల్లో మార్పులుంటాయి. సెక్రెటరీ రకంలో కేఎల్‌ఎఫ్4, టీఆర్‌ఏఎఫ్7 జంటగా మారుతాయి. క్లియర్ సెల్ రకానికి ఎస్‌ఎమ్ఏఆర్‌సీఈ1 జన్యువుతో సంబంధం ఉంది. కణితి పుట్టిన చోటు, కణాల అల్లిక, జన్యువులో మార్పు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నాయని ఇక్కడ తెలుస్తుంది.

గ్రేడ్‌ను నేరుగా మార్చేవి మాత్రం 2021 సంచికలో రెండే: టీఈఆర్‌టీ జన్యువు పనిని నియంత్రించే ప్రమోటర్ భాగంలో మార్పు, సీడీకేఎన్2ఏ లేదా సీడీకేఎన్2బీ జన్యువు రెండు ప్రతులూ పూర్తిగా పోవడం. వీటిలో ఏ ఒక్కటి కనిపించినా, మైక్రోస్కోపులో కణితి ఎంత శాంతంగా ఉన్నా గ్రేడ్ 3 అవుతుంది. కణాలను కంటితో చూసి వేసే గ్రేడ్‌ను జన్యు పరీక్ష తిరగరాయవచ్చని మెనింజియోమాల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒప్పుకున్నది ఈ సంచికలోనే. గ్రేడులను రోమన్ అంకెల్లో రాయడం మానేసి 1, 2, 3 అని రాయడం మొదలైందీ అప్పుడే. పక్కపక్కనే గీతలుండే రోమన్ అంకెల్లో రెండును మూడుగా పొరపడే ప్రమాదం తప్పింది.

దీనితో పాటు డీఎన్ఏ మీద అంటుకునే మిథైల్ గుర్తుల అమరికను బట్టి కణితులను విభజించే పద్ధతి ఒకటి బలపడుతోంది. 2017లో హైడెల్‌బర్గ్ పరిశోధకులు ఈ అమరికతో మెనింజియోమాలను ఆరు తరగతులుగా విడదీసి, తిరిగి వచ్చే అవకాశాన్ని మైక్రోస్కోపు గ్రేడ్ కన్నా మెరుగ్గా అంచనా వేయవచ్చని చూపారు. ఇలాంటి పరిశోధనల్లో పదే పదే తేలిన అంశం ఒకటో క్రోమోజోమ్ చిన్న చేయి, అంటే 1పీ భాగం పోవడం. 1పీతో పాటు 22వ క్రోమోజోమ్‌లోనో, ఎన్‌ఎఫ్2 జన్యువులోనో లోపం ఉన్న కణితి మైక్రోస్కోపులో గ్రేడ్ 1గా కనిపించినా దాన్ని గ్రేడ్ 2గా పరిగణించాలని, వర్గీకరణకు సలహాలిచ్చే సీ-ఇంపాక్ట్ నౌ అనే అంతర్జాతీయ నిపుణుల బృందం ఇటీవల సిఫారసు చేసింది.

చికిత్సలో ఈ అంకె ఎలా పనిచేస్తుందో క్లుప్తంగా చెప్పుకోవచ్చు. పూర్తిగా తీసేసిన గ్రేడ్ 1కు సాధారణంగా స్కాన్లతో గమనించడమే సరిపోతుంది. గ్రేడ్ 3కు ఎంత బాగా తీసినా తర్వాత రేడియేషన్ ఇస్తారు. పూర్తిగా తీసేసిన గ్రేడ్ 2కు వెంటనే రేడియేషన్ ఇవ్వడం మేలా, గమనిస్తూ ఆగడం మేలా అన్నది చాలా కాలంగా వివాదంలో ఉన్న ప్రశ్న. రోమ్, ఎన్‌ఆర్‌జీ బీఎన్003 అనే రెండు క్లినికల్ ట్రయల్స్‌ను ఆ ఒక్క ప్రశ్న కోసమే రూపొందించారు.

రిపోర్టుతో పాటు దాని తేదీ కూడా చూడాలి

ఇన్ని సవరణల వల్ల, గ్రేడ్ అనే అంకె ఏ సంచిక ప్రకారం వేశారో తెలియకపోతే దానికి పూర్తి అర్థం రాదు. 2010లో రాబ్డాయిడ్ అని గ్రేడ్ 3 రాసిన కణితికి నేటి ప్రమాణాల్లో గ్రేడ్ 1 రావచ్చు. అదే ఏడాది గ్రేడ్ 1 అని రాసిన కణితిలో టీఈఆర్‌టీ మార్పు ఉంటే నేడు గ్రేడ్ 3 అవుతుంది. కణితి తిరిగి వచ్చినప్పుడు పాత గ్రేడే కొనసాగుతుందని అనుకోవడమూ పొరపాటే. తిరిగి వచ్చిన కణితి మరింత చురుకైనదిగా మారి ఉండవచ్చు, కాబట్టి దానికి విడిగా గ్రేడ్ వేయాలి. మొదటి ఆపరేషన్‌లో తీసిన ముక్కను మైనం దిమ్మెలో భద్రపరిచి ఉంచితే, ఏళ్లు గడిచిన తర్వాత కూడా దాని నుంచి కొత్త స్లైడులు కోయవచ్చు, చాలాసార్లు 1పీ, సీడీకేఎన్2ఏ వంటి పరీక్షలూ చేయవచ్చు. చేతిలో పాత రిపోర్టు ఉండి, మళ్లీ చికిత్స గురించి నిర్ణయం తీసుకోవలసి వచ్చినవారు వైద్యుణ్ని అడగవలసిన మొదటి ప్రశ్నల్లో ఒకటి, ఆ దిమ్మె ఇంకా ఉందా, దాన్ని ఇప్పటి ప్రమాణాలతో మరోసారి చూడవచ్చా అని.